నాలుగేళ్లు నిండుతున్నా పెన్సిల్ పిడికిలితోనే పట్టుకుంటున్నాడు, ఇది మామూలేనా?

బుజ్జిగాడి అమ్మ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా బాబుకి వచ్చే నెలతో నాలుగేళ్లు నిండుతాయి. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇక్కడ అడుగుతున్నాను. పిల్లల్ని పెంచినవాళ్లు, ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా దయచేసి చెప్పండి.

వాడు పెన్సిల్‌ని గరిటె పట్టుకున్నట్టు పిడికిలి బిగించి పట్టుకుంటాడు. గీత మొదలుపెడితే కాగితం దాటి బల్ల మీదికి పోతుంది. ప్రీస్కూల్లో చుక్కల మీద అక్షరాలు దిద్దిస్తున్నారు, వీడు రెండు గీతలు గీసి లేచి వెళ్లిపోతాడట. మొన్న నన్ను పిలిచి, మిగతా పిల్లలంతా రాస్తున్నారు, ఇంట్లో రోజూ ఒక పేజీ రాయించండి అన్నారు. అప్పట్నుంచి సాయంత్రం ఆట మానిపించి కూర్చోబెడుతున్నాను. నిన్న వాడి చేతి మీద నా చెయ్యి వేసి రాయిస్తుంటే "చెయ్యి నొప్పి అమ్మా" అని ఏడ్చాడు. అది బద్ధకమో, నిజంగానే నొప్పో తెలియక వాడు పడుకున్నాక నేనూ చాలాసేపు బాధపడ్డాను.

మా అక్క కూతురు వీడికంటే రెండు నెలలు చిన్నది, దాని పేరు అదే రాసేస్తుంది. ఇంట్లో ఎవరు వచ్చినా ఈ పోలిక రాకుండా ఉండదు.

ఇంకా ఉన్నాయి. ఏడాది పిల్లాడప్పుడు పెట్టింది పెట్టినట్టు తినేవాడు, ఇప్పుడు నాలుగు ముద్దలకే చాలంటాడు. బుగ్గలు తగ్గాయి, బొజ్జ పోయింది, చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నిలబడితే మోకాళ్లు రెండూ తగులుతున్నాయి, పాదాలు మాత్రం ఎడంగా ఉంటున్నాయి. రెండు నెలల నుంచి మాట్లాడేటప్పుడు "నే నే నేను" అని మొదటి మాట దగ్గరే ఆగుతున్నాడు. మాటలకి మాత్రం లోటు లేదు, పొద్దున లేచింది మొదలు ఎందుకు, ఎందుకు అని అడుగుతూనే ఉంటాడు.

మా ఆయన "వాడే నేర్చుకుంటాడు వదిలెయ్" అంటారు. అలా వదిలేసి రేపు ఏదైనా అయితే? వీటిలో దేనికి ఓపిక పట్టాలి, దేనికి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి, అది చెప్పండి చాలు.

చిట్టిచేతులు:

నేను పదహారేళ్లుగా మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతోనే ఉన్నానండి, అందుకే కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు ఆ చెయ్యి నొప్పి సంగతి. వాడు అబద్ధం చెప్పడం లేదు. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. మొదటి ఏడాదిలో ఒకటి రెండు గట్టిపడతాయి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా ఏళ్ల తరబడి గట్టిపడుతూ వస్తాయి. నాలుగేళ్ల పిల్లాడి మణికట్టు ఎక్స్‌రేలో చూస్తే సాధారణంగా సగం ఎముకలు కనిపిస్తే ఎక్కువ, మిగతా చోటంతా ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. చివరిదైతే తొమ్మిది, పదేళ్లు దాటాక గానీ కనిపించదు. వేళ్లను కుదురుగా ఆడించే చిన్న కండరాలు కూడా ఇంకా బలపడుతూనే ఉంటాయి. అలాంటి చేతిని ఇరుకు గీతల మధ్య పేజీ నిండా నడిపించమంటే నొప్పి రాక ఏమవుతుంది?

పిల్లల చెయ్యి భుజం దగ్గర మొదలై వేలి చివరికి వస్తుంది, ఈ పనిలో నేను నేర్చుకున్న పెద్ద విషయం ఇదే. మీ బాబు గీస్తుంటే ఈసారి పెన్సిల్‌ని కాదు, మోచేతిని చూడండి. పిడికిలితో పట్టుకునే పిల్లలకి మోచెయ్యి గాల్లోకి లేచి ఉంటుంది, గీత మొత్తం భుజం నుంచి వస్తుంది, అందుకే కాగితం దాటిపోతుంది. ఆ తర్వాత దశలో ముంజేయి బల్లకి ఆనుతుంది, కదలిక మణికట్టుకి వస్తుంది. అది కుదిరాకే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పెన్సిల్‌ని పట్టుకుంటాయి. ఈ మూడు వేళ్ల పట్టు నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య ఎప్పుడైనా రావచ్చు. మీ అక్కగారి పాపకి ముందు వచ్చింది, మీ బాబుకి తర్వాత వస్తుంది, అంతే తేడా.

గీతలకీ ఒక వరస ఉంది. మూడేళ్లకి మనం చుట్టి చూపిస్తే సున్నా చుడతారు. నాలుగేళ్లకి అడ్డగీత మీద నిలువుగీత వేస్తారు, కూడిక గుర్తులాగా. చతురస్రం నాలుగున్నర ప్రాంతంలో, త్రిభుజం ఐదేళ్ల దగ్గర. ఏటవాలు గీత చాలా కష్టం, కిందికీ పక్కకీ ఒకేసారి వెళ్లాలి కదా. ఇప్పుడు మన అక్షరాలు గుర్తు తెచ్చుకోండి. అ, ఆ, ఇ, ఈ, ఏది తీసుకున్నా మెలిక తిరగనిది లేదు, ఒక చోట మొదలై చుట్టుకుని వెనక్కి వచ్చి ఇంకో పక్కకి పోవాలి. కూడిక గుర్తే ఇంకా నిలవని చేతికి "ఈ" దిద్దించడం అంటే నడక రానివాణ్ణి మెట్లెక్కమన్నట్టే.

ఆ పేజీ ఇవాళే ఆపేయండి. సాయంత్రం ఆట తిరిగి ఇచ్చేయండి. వేలాడటం, పాకడం, బంతి విసరడం, నిండిన బకెట్ రెండు చేతులా మోయడం, వీటితోనే భుజం గట్టిపడుతుంది. బంకమట్టి పిసకడం, పూసలు గుచ్చడం, మొద్దు అంచు కత్తెరతో కాగితం కత్తిరించడం, బట్టలకి క్లిప్పులు పెట్టడం, చొక్కా గుండీలు తనే విప్పుకోవడం, వీటితో వేళ్లు. రాయాలని వాడికే అనిపిస్తే గోడకి పెద్ద కాగితం అంటించి నిలబడి గీయనివ్వండి, నిలువు గోడ మీద గీస్తే మణికట్టు దానంతటదే సరైన వంపులోకి వస్తుంది. పెన్సిల్ బదులు పొట్టి సుద్దముక్కో, విరిగిన క్రేయాన్ ముక్కో ఇవ్వండి. చిన్న ముక్కని పిడికిలితో పట్టుకుని గీయడం కుదరదు, వేళ్లతో పట్టుకోక తప్పదు. మా తరగతిలో కొత్త క్రేయాన్లు నేనే విరిచి ఇస్తాను.

ఒక్కటి అడగనా? వాడు మనిషి బొమ్మ గీస్తాడా? గీస్తే ఎలా ఉంటుంది?

బుజ్జిగాడి అమ్మ:

చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయండి. బొమ్మ గీస్తాడు. ఒక పెద్ద సున్నా, అందులో రెండు చుక్కలు, సున్నా కిందనుంచే రెండు కాళ్లు. చేతులు చెవుల దగ్గర్నుంచి వచ్చాయి. "ఇది నువ్వే అమ్మా" అన్నాడు. పొట్ట ఏదిరా అంటే ఆ సున్నానే చూపించి "లోపలుంది" అన్నాడు. ఇది కూడా వెనకబడటమేనా అని భయపడి ఎవరికీ చూపించలేదు.

చిట్టిచేతులు:

అయ్యో, దాచకండి, గోడకి అంటించండి! తలనుంచే కాళ్లు వచ్చే ఆ మనిషిని మూడు, నాలుగేళ్ల పిల్లలు ప్రపంచంలో చాలా చోట్ల గీస్తారు. తోకకప్ప బొమ్మ అంటాం మేం. కళ్లు, కాళ్లు, చేతులు పెట్టాడంటే మూడు భాగాలు వచ్చేశాయి, నాలుగేళ్ల పిల్లల దగ్గర మేం చూసేది అదే. పైగా సున్నా మూసుకుంది, చుక్కలు లోపలే పడ్డాయి. చెయ్యి ఎక్కడ ఆగాలో వాడికి తెలుస్తోందన్నమాట.

ఇద్దరి నాన్న:

టీచర్ గారు చెప్పిందంతా నిజమే, కానీ "వాడే నేర్చుకుంటాడు" అన్న మాట మీద నాకు ఒకటి చెప్పాలని ఉంది. ఆ మాట నేనూ అన్నాను, మా పెద్దవాడి విషయంలో ఏడాది పోగొట్టుకున్నాం.

వాడికి మూడేళ్లప్పుడు మాటలు ముద్దముద్దగా ఉండేవి. కాకిని తాతి అనేవాడు, గోడని దోడ అనేవాడు, ఇంట్లో వాళ్లకి అర్థమయ్యేది కాబట్టి ముద్దొస్తుంది అనుకున్నాం. మూడున్నర దాటినా బయటివాళ్లకి సగం మాటలు అర్థమయ్యేవి కావు. పిలిస్తే ఒకసారి పలికేవాడు, ఒకసారి పలికేవాడు కాదు. టీవీ దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. మొండితనం అనుకున్నాం. నేను కోప్పడ్డాను కూడా, ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మనసు పిండేసినట్టుంటుంది.

ఒకరోజు వాడు నావైపు వీపు పెట్టి ఆడుకుంటుంటే మెల్లగా వాడికిష్టమైన బొమ్మ పేరు చెప్పాను, కదల్లేదు. ముందుకెళ్లి ముఖం చూస్తూ అదే గొంతుతో చెప్పాను, వెంటనే లేచాడు. పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నాడని అప్పుడు తట్టింది. పరీక్ష చేయిస్తే చెవిపొర వెనకాల జిగురులాంటి నీరు చేరిందన్నారు. ఈ వయసులో ముక్కు వెనకనుంచి చెవికి వెళ్లే గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుందట, జలుబు చేసిన ప్రతిసారీ నీరు నిలిచిపోతుందట. చాలామందికి దానంతటదే పోతుందని మూడు నెలలు ఆగి మళ్లీ చూశారు. మావాడికి పోలేదు, చెవిపొరలో చిన్న గొట్టం పెట్టారు. ఇంటికొచ్చిన రోజు సాయంత్రం ఫ్యాన్ వైపు చూసి "నాన్నా, అది చప్పుడు చేస్తోంది" అన్నాడు. అన్నాళ్లూ వాడికి ఆ చప్పుడే తెలియదు.

మీ బాబుకి మాటలు బాగానే ఉన్నాయి కాబట్టి మిమ్మల్ని భయపెట్టడం లేదమ్మా. కానీ ఇది చదివే వాళ్లలో ఎవరి పిల్లలైనా మాట స్పష్టంగా లేకపోతే ముందు చెవులు చూపించండి. పిల్లాడు మొండి అనేముందు వినపడుతోందా అని చూసుకోండి.

తెల్లకోటు:

పిల్లల డాక్టర్‌ని. బిడ్డను చూడకుండా ఏదీ తేల్చి చెప్పను, అయినా మీరు అడిగినవన్నీ మాకు రోజూ వచ్చేవే.

తిండి. పుట్టిన బిడ్డ బరువు మొదటి ఏడాదిలో మూడింతలవుతుంది, పొడుగు 25 సెంటీమీటర్లు పెరుగుతుంది. అదే మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఏడాదికి సుమారు 2 కిలోలు, 6 నుంచి 8 సెంటీమీటర్లు, అంతే. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ తగ్గుతుంది. మీరు చూస్తున్న పక్కటెముకలు కూడా అందులో భాగమే, పసితనపు కొవ్వు కరుగుతూ వచ్చి ఐదారేళ్ల దగ్గర పిల్లలు బాగా సన్నగా కనిపిస్తారు, ఆ తర్వాత మళ్లీ కొంచెం ఒళ్లు చేస్తారు. పొట్ట కండరాలు గట్టిపడతాయి కాబట్టి బొజ్జా లోపలికి పోతుంది. మరి తిన్నదంతా ఎటు పోతోంది అంటే, చాలావరకు తలకి. ఐదేళ్ల ప్రాంతంలో శరీరం వాడే శక్తిలో 40 శాతానికి పైగా మెదడే తీసుకుంటుందని 2014లో ఒక పరిశోధన లెక్కగట్టింది, మెదడు ఎక్కువ తీసుకునే ఏళ్లలోనే ఒళ్లు నెమ్మదిగా పెరుగుతుందని కూడా అందులో తేలింది. కాబట్టి ముద్దలు లెక్కపెట్టకండి, ఎత్తు, బరువు లెక్కపెట్టండి. మూడు, నాలుగు నెలలకోసారి ఒకే తూకం మీద చూసి రాసి పెట్టుకోండి. నాలుగేళ్లకి ఎత్తు పుట్టినప్పటికి దాదాపు రెట్టింపు, అంటే సుమారు 100 సెంటీమీటర్లు ఉంటుంది. కాస్త అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, ఎదుగుదల పటంలో తన గీత మీద తను పెరుగుతున్నాడా అన్నదే మేం చూస్తాం. ఆ గీత అడ్డంగా సాగినా, కిందికి దిగినా తీసుకురండి.

మోకాళ్లు. రెండేళ్ల లోపు కాళ్లు బయటికి వంగి దొడ్డిగా ఉంటాయి, తర్వాత లోపలివైపు వంగి మోకాళ్లు తగులుతాయి, మూడు, నాలుగేళ్లకి ఇది బాగా ఎక్కువగా కనిపిస్తుంది, ఏడెనిమిదేళ్లకి చక్కబడుతుంది. ఒక కాలు మాత్రమే వంగినా, కుంటినా, నొప్పి అన్నా, ఏడెనిమిదేళ్లకీ పోకపోయినా చూపించాలి.

"నే నే నేను" గురించి. చెప్పాలనుకున్నది బోలెడు, నోరు అంత వేగంగా తిరగదు, రెండు నుంచి ఐదేళ్ల మధ్య చాలామంది ఇలా తడబడతారు. మధ్యలో అందుకుని మాట పూర్తి చేయకండి, నెమ్మదిగా చెప్పు అని కూడా అనకండి. మీరే నెమ్మదిగా మాట్లాడండి, వాడు చెప్పేదాకా ముఖం చూస్తూ వినండి. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, మాట కోసం ముఖం బిగబట్టి కష్టపడుతుంటే, మాట్లాడటానికే వెనకాడుతుంటే, ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరికైనా నత్తి ఉంటే ఆగకుండా స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాలి.

ఇక పరుగెత్తాల్సిన సందర్భాలు అడిగారు. అన్నిటికంటే ముందుది, వచ్చిన విద్య పోవడం. నిన్నటిదాకా చెప్పిన మాటలు ఆగిపోయినా, ఎక్కిన మెట్లు ఎక్కలేకపోయినా ఏ వయసులోనైనా ఒక్క వారం కూడా ఆగొద్దు. నేలమీద నుంచి లేవడానికి తొడల మీద చేతులు ఆనించి పాకుతున్నట్టు లేస్తే కూడా. మూడేళ్లకి బయటివాళ్లకి మాట చాలావరకు అర్థం కాకపోతే, పిలిస్తే తిరగకపోతే, తోటి పిల్లల వైపు చూడకపోతే, ఊహించి ఆడే ఆటే లేకపోతే వయసొస్తే వస్తుందిలే అనుకోవద్దు. ఇద్దరి నాన్న గారు చెప్పిన చెవి సంగతి అక్షరాలా నిజం, మేం కూడా ముందు వినికిడి పరీక్షే రాస్తాం. ర, ష లాంటి కష్టమైన శబ్దాలు కుదరడానికి ఐదారేళ్లు పట్టొచ్చు, కానీ కాకి తాతి అవడం నాలుగేళ్లకల్లా తగ్గిపోవాలి.

నిద్ర ఎవరూ అడగలేదు, అది అడగాలి. ఈ వయసుకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఇదే, దాంతోపాటు రోజుకి కనీసం 3 గంటలు ఒళ్లు కదిలే ఆట, అందులో గంట గట్టిగా పరుగెత్తేది, స్క్రీన్ ముందు కూర్చోవడం గంటకి మించకూడదు అని కూడా. సాయంత్రం ఆట మానిపించి రాయించడంలో నాకు నచ్చనిది అదే.

పాప తల్లి:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా పాపకి నాలుగున్నర. ఈమధ్య అబద్ధాలు మొదలుపెట్టింది. గోడ మీద గీసింది తనే, కానీ "నేను కాదు, నా బొమ్మ గీసింది" అంటుంది. చాలా టెన్షన్‌గా ఉంది, ఎలా మానిపించాలి?

చిట్టిచేతులు:

కోప్పడకముందు ఇది వినండి. మూడేళ్ల పిల్లాడు ఫోన్‌లో మాట్లాడుతూ తల ఊపుతాడు, అవతలివాళ్లకి కనిపిస్తోందనుకుంటాడు. దుప్పటి తల మీద కప్పుకుని కాళ్లు బయటపెట్టి, నేను కనిపించట్లేదు అంటాడు. తనకి తెలిసింది అందరికీ తెలుసనే లెక్క. నాలుగేళ్ల ప్రాంతంలో అది మారుతుంది. 1983లో విమర్, పెర్నర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూపించారు. కథలో ఒక పిల్లాడు తన వస్తువు ఒక అలమరాలో పెట్టి వెళ్తాడు, వాడు లేనప్పుడు తల్లి దాన్ని ఇంకో అలమరాలోకి మారుస్తుంది, తిరిగొచ్చి వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు ఇప్పుడున్న చోటే చూపించారు, నాలుగు దాటినకొద్దీ వాడు పెట్టిన చోటు చూపించేవాళ్లు పెరిగారు. అంటే ఎదుటివాడి తలలో ఉన్నది వేరు, నా తలలో ఉన్నది వేరు అని తెలిసింది. మీ పాప చేస్తున్నదీ అదే, అమ్మ చూడలేదు కాబట్టి అమ్మకి తెలియదు అని మొదటిసారి కనిపెట్టింది. ఇదే తెలివితో రేపు ఏడుస్తున్న స్నేహితురాలి దగ్గరికి వెళ్లి తన బొమ్మ ఇస్తుంది.

అందుకని వదిలేయమనడం లేదు. "ఎవరు గీశారు?" అని తెలిసి అడగొద్దు, అది అబద్ధానికి మనమే తలుపు తీయడం. "గోడ మీద గీతలున్నాయి, రా ఇద్దరం తుడుద్దాం" అనండి. ఒక గుడ్డ దాని చేతికివ్వండి.

ఇద్దరి నాన్న:

ఆ చివరి మాట రాసి పెట్టుకున్నాను టీచర్ గారూ. మా చిన్నదానికి ఇప్పుడు నాలుగు.

బుజ్జిగాడి అమ్మ (మూడు వారాల తర్వాత):

ఎలా ఉందో చెప్పాలి కదా అని వచ్చాను. ప్రీస్కూల్‌కి వెళ్లి, ఇంట్లో రాయించను, ఇంకో ఆరు నెలలు ఆగుదాం అని చెప్పాను. మొదట ఒప్పుకోలేదు, మణికట్టు ఎముకల సంగతి చెప్పాక వాడికి దిద్దే కాగితం బదులు బంకమట్టి ఇస్తున్నారు. డాక్టర్‌కి చూపించాను, 101 సెంటీమీటర్లు, పదిహేను కిలోలు, తన గీత మీద తనే ఉన్నాడన్నారు. మోకాళ్లకి ఏమీ అక్కర్లేదన్నారు. నత్తిలాంటిది కొంచెం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, తేదీ రాసుకున్నాను, ఆరు నెలలు దాటితే వెళ్తాం.

నిన్న స్నానానికి ముందు చొక్కా పై గుండీ పట్టుకుని కూర్చున్నాడు. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, బొటనవేలితో తోస్తూ చూపుడువేలితో లాగుతూ ఎంతసేపు చేశాడో, నీళ్లు చల్లారిపోయాయి. నేను చెయ్యి పెట్టలేదు. గుండీ రంధ్రంలోంచి బయటికొచ్చింది. వాడు నా వైపు కూడా చూడలేదు, రెండో గుండీ పట్టుకున్నాడు.